పరదేశవాసమునకు ఆరోగ్య బీమా నిబంధన



ఏటేటా ఆషాఢ శ్రావణములు వచ్చుసరికి మన తెలుగునాట వేలకొలది గృహములలో ఒక పత్రముల కట్ట తయారగుచుండును. పట్టభద్రతా పత్రము, మార్కుల జాబితాలు, విశ్వవిద్యాలయము పంపిన ప్రవేశపత్రము, భాషాపరీక్షా ఫలితము, బ్యాంకులో నిలువచేసిన ధనమునకు సాక్ష్యము, వీనిలో ప్రతిదానిని గూర్చియు ఇంటిల్లిపాదియు వారముల తరబడి తర్జనభర్జనలు చేయుదురు. కాని ఆ కట్టలో అట్టడుగున నుండు ఒక పత్రమును మాత్రము, ఏజెంటు తెచ్చి యిచ్చినదానిని తెచ్చినట్లే, చదువకయే జతపఱచుట పరిపాటియై పోయినది. అది ఆరోగ్య బీమా పత్రము. దీర్ఘకాల నివాసమునకై తమ గడప త్రొక్కగోరు పరదేశీయుని నుండి ఆయా రాజ్యములు ఈ పత్రమును ఏల కోరుచున్నవి, కోరి అతనికి తిరిగి ఏమి యిచ్చుచున్నవి, ఎవరిని వెలుపల నిలిపి వేయుచున్నవి అను విషయమును, ముఖ్యముగ జర్మనీ దేశమును ఆధారముగ గొని, నేడు మీ యెదుట విచారింప నెంచితిని. జర్మనీని ఎన్నుకొనుటకు కారణములు రెండు. ఆరోగ్య బీమాను జాతీయ శాసనముతో కార్మికజనమునకు విధించిన మొదటి దేశ మది. మఱియు 2022–23 శీతకాలపు సెమిస్టరు నుండి అక్కడ చదువుచున్న విదేశీయ విద్యార్థులలో భారతీయులే ప్రథమస్థానము నందియున్నారు. 2023–24లో వారి సంఖ్య 49 వేలు దాటినది. వారిలో మన తెలుగు బిడ్డలు ఎందఱుందురో హైదరాబాదులోను, విజయవాడలోను ఏ వీధివారి నడిగినను చెప్పగలరు.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. ఉమ్మడి వీసాగల జర్మనీ మొదలగు షెంగెన్ దేశములకు 90 దినములకు మించకుండ పోవు యాత్రికుడు, కనీసము 30,000 యూరోల వఱకు అత్యవసర చికిత్సకగు వ్యయమును, అవసరమైనచో అతనిని స్వదేశము చేర్చు వ్యయమును, దైవవశమున మరణము సంభవించినచో దేహమును తరలించు వ్యయమును భరించునట్టి యాత్రాబీమాను చూపినచో చాలును. 2004లో పుట్టిన ఈ నియమము 2009 నాటి వీసాస్మృతిలో స్థిరపడినది. అట్టివాడు అతిథి, జబ్బు చేసినచో ప్రాణాపాయము తప్పించి ఇంటికి సాగనంపుటయే ఆ బీమాకు పరమార్థము. 90 దినములు దాటి నివసింప వచ్చువాని సంగతి వేఱు. అతడు అక్కడ అద్దెయింట కాపురముండును. పంటి నొప్పి వచ్చిన వైద్యుని యొద్దకు పోవును. భార్య గర్భవతియైనచో నెలనెలా పరీక్షలు చేయించును. మధుమేహము బయటపడినచో జీవితాంతము మందులు వాడును. ఇట్టివానికి ఇంటికి సాగనంపు బీమా ఏ మూలకును చాలదు. అందుచేతనే జర్మనీ నివాస చట్టము, దీర్ఘకాల నివాసమునకు వచ్చువాని జీవనాధారము సురక్షితమై యుండవలెనని విధించుచు, ఆ జీవనాధారమను మాటలోనే చాలినంత ఆరోగ్య బీమాను కూడ అంతర్భాగముగ చేర్చినది. కూడు, గుడ్డ, గూడు ఎట్టివో చికిత్సయు అట్టిదే యని ఆ చట్టకర్తల భావము. నేను ఈ భావమును మనసార గౌరవించుచున్నాను.

ఈ నియమమునకు మూలము వెదుకబోయినచో అది వలస చట్టములలో కానరాదు, గనులలో కానవచ్చును. గోస్లార్ పట్టణము చెంత రామెల్స్‌బెర్గ్ అను కొండలో లోహములు త్రవ్వుకొని బ్రతికిన కార్మికులు, జబ్బుపడిన తోడివారిని, పేదరికమున బడినవారిని ఆదుకొనుటకై ఒక సోదరసంఘముగ నేర్పడగా, హిల్డెస్‌హైమ్ బిషప్పు 1260 డిసెంబరు 28వ తేదీని ఆ సంఘమునకు తన రక్షణను ప్రసాదించుచు పత్రము వ్రాసి యిచ్చెను. మన దేశమున కాకతీయ గణపతిదేవుని పాలన అస్తమించుచున్న కాల మది. ఆ గనిపనివారి నిధి నుండియు, తరువాతి శతాబ్దములలో వడ్రంగులు, కమ్మరులు, నేతగాండ్రు తమ తమ శ్రేణులలో నెలకొల్పుకొన్న పెట్టెల నుండియు, జబ్బు అనునది ఒక్కని దురదృష్టము కాదు, కలిసి పనిచేయువారందఱును కలిసి మోయవలసిన బరువు అను భావము ఆ నేలలో వేరూనినది.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రశాలలు వెలసి, పల్లెల నుండి లక్షలాది జనము పట్టణములకు వలసవచ్చి, కూలియే తప్ప వేఱు ఆధారము లేని ఒక క్రొత్త వర్గ మేర్పడినప్పుడు, ఆ పాత పెట్టెలు చాలకపోయినవి. ఛాన్సలరు బిస్మార్కు 1878లో సామ్యవాదుల సంఘములను నిషేధించుచు చట్టము చేసెను. కాని నిషేధముతో మాత్రమే కార్మికుల మనసు గెలువజాలమని గ్రహించి, 1881 నవంబరు 17వ తేదీని చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ పేర ఒక సందేశమును రైఖ్‌స్టాగ్ సభకు వినిపించి, రోగమునకు, ప్రమాదమునకు, వార్ధక్యమునకు రక్షణ కల్పింతునని వాగ్దానము చేసెను. ఆ వాగ్దానములో మొదట ఫలించినది 1883 జూన్ 15వ తేదీని ఆమోదము పొంది, 1884 డిసెంబరు 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన కార్మిక రోగబీమా చట్టము. చందాలో రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని ఇయ్యవలెను. దానికి ప్రతిగా ఉచిత వైద్యము, మందులు, పనికి పోలేని దినములకు కనీసము సగము కూలి, పదమూడు వారముల వఱకు లభించును. చట్టము చేసినవాని ఉద్దేశము రాజకీయమే కావచ్చును. కాని ఫలము ఉద్దేశమును దాటి పెరిగినది. 1918లో చక్రవర్తిత్వము కూలినది. తరువాతి గణతంత్రము కూలినది. దేశము రెండుగ చీలి మరల ఒకటియైనది. ఆ బీమాను నడపు రోగనిధులు మాత్రము నేటికిని నిలిచియున్నవి. మధ్యకాలమున, 1933 తరువాత, నాజీ పాలకులు యూదు వైద్యులను ఆ నిధుల సేవ నుండి వెడలగొట్టి, సభ్యుల స్వయంపాలనను రద్దుచేసిన మాటయు మఱువరాదు. ఒక ఉమ్మడి నిధి ఎంత గొప్పదైనను, దాని వాకిలి ఎవరికి తెఱచియున్నది, ఎవరికి మూసియున్నది అను ప్రశ్నను ఎన్నడును విడువరాదని ఆ చరిత్ర మనకు నేర్పుచున్నది. నేటి నా ప్రసంగమంతయు ఆ ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది.

ఈ నిధుల ధర్మమును ఒక్క మాటలో చెప్పవచ్చును: చందా జీతమును బట్టి, చికిత్స అవసరమును బట్టి. నేడు జీతములో నూటికి 14.6 వంతులు, దానిపై ఆయా నిధి విధించు స్వల్పమైన అదనపు వంతును, ఉద్యోగియు యజమానియు సగము సగముగ భరించుచున్నారు. చందా విధించుటలో వయస్సు నడుగరు; పూర్వరోగము నడుగరు; సభ్యుని సంపాదనలేని భార్యకు గాని భర్తకు గాని, బిడ్డలకు గాని వేఱుగ చందా లేదు. మన పల్లెలలో చెఱువు క్రింద సాగుచేయు రైతులందఱును వేసవిలో పూడిక తీయుటకును, కట్ట బలపఱచుటకును మనిషికింత చొప్పున పనిచేసి, వానలు కురిసిన పిమ్మట అవసరమును బట్టి నీరు పంచుకొనుచుండెడివారు. ఊరికి క్రొత్తగ వచ్చి ఆయకట్టులో మడి కొన్నవాడు కట్టపనికి రావలెననుట న్యాయము, వచ్చినవానికి తూము నీరు విడువకుండుట అన్యాయము. పరదేశీయుని బీమా అడుగు ప్రతి దేశమును ఈ కొలతతోనే కొలువవలెనని నా నిశ్చితాభిప్రాయము. కట్టపనికి పిలిచినవారు నీటికిని పిలువవలెను.

విద్యార్థుల విషయమున జర్మనీ ఈ కొలతకు నిలిచినదని సంతోషముతో చెప్పవచ్చును. 1975లో చేసిన చట్టముచే విద్యార్థులు ఈ నిధులలో నిర్బంధ సభ్యులైరి. స్వదేశీయుడా పరదేశీయుడా అను వివక్ష అందులో లేదు. విజయవాడ నుండి ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు ఆఖెన్ నగరములోని సాంకేతిక విశ్వవిద్యాలయమునకు పోయినాడనుకొందము. బ్లాక్డ్ అకౌంటు అని మన పిల్లలు వ్యవహరించు ఖాతాలో అతడు నెలకు 992 యూరోల వంతున ఏడాదికి 11,904 యూరోలు ముందుగనే నిలువచేసి పోవును. అందు నుండి నెలకు సుమారు 130 మొదలు 150 యూరోల వఱకు, అనగా ఏడింట ఒక వంతు, ఆరోగ్య నిధికిని, దానితో జతగూడిన దీర్ఘశుశ్రూషా నిధికిని చెల్లించును. అంతటితో అతని బొమ్మ ముద్రించిన కార్డు చేతికి వచ్చును. ఆ కార్డు చూపినచో వైద్యుడు రుసుము అడుగడు. మందులకు వెలలో పదవ వంతు, ఐదు యూరోలకు తక్కువ కాకుండ, పది యూరోలకు మించకుండ ఇయ్యవలెను. ఆసుపత్రిలో చేరినచో దినమునకు పది యూరోలు, అదియును ఏడాదిలో 28 దినములకు మాత్రమే. శస్త్రచికిత్సకు ఎంత వ్యయమైనను ఆ యువకుని తండ్రి కృష్ణాతీరమున నున్న మాగాణి తాకట్టు పెట్టవలసిన పని లేదు. ఆఖెన్ నగరములో పుట్టి పెరిగిన విద్యార్థికి ఎట్టి రక్షణ కలదో, విజయవాడవానికిని అట్టి రక్షణయే కలదు. నెలకు 140 యూరోలా యని నిట్టూర్చు తలిదండ్రులకు నేను చెప్పదలచినది ఇదియే: అది వీసాకు చెల్లించు సుంకము కాదు, ఒక మహానిధిలో సమానభాగము.

ఐతే ఈ వాకిలి దాపుననే ఒక గొయ్యి కలదు. దానిని గూర్చి కొంత నిదానించి చెప్పవలెను. మన పిల్లలు దానిలో పడుచున్నారు గనుక. చదువు ఆరంభమున విద్యార్థి కోరినచో, మూడు నెలలలోపల, ప్రభుత్వ విధానములోని రోగనిధి నుండి మినహాయింపు పొంది ప్రైవేటు బీమా తీసికొనవచ్చును. ప్రైవేటు బీమా నెలకు ముప్పది నలువది యూరోలకే లభించుచున్నదని ఏజెంట్లు చెప్పుదురు. నూఱు యూరోల ఆదా ఎవరికి చేదు? కాని ఆ మినహాయింపును మరల రద్దుచేసికొను హక్కు లేదు. ఆ చదువు ముగియువఱకు నిధి వాకిలి అతనికి మూతపడియే యుండును. చౌక పాలసీలలో పెక్కు, పూర్వమే ఉన్న రోగములకు చెల్లింపవు. ప్రసవ వ్యయమునకు నిరీక్షణ కాలము విధించును. మానసిక చికిత్సకు, దంతచికిత్సకు హద్దులు గీయును. కొన్నియేండ్లు గడచినంతనే అసలు కొనసాగవు. ఇంటికి దూరముగ, చీకటి ముసిరిన శీతకాలమున, చదువు బరువుతో మనసు క్రుంగిపోయి వైద్యుని శరణు జొచ్చిన విద్యార్థికి ఆ పత్రము చెల్లదని తెలియుట ఎంతటి దుఃఖము! చదువు ముగిసిన పిమ్మట ఉద్యోగము వెదుకుకొనుటకై ఆ దేశము 18 నెలల గడువు నిచ్చుచున్నది గదా. ఉద్యోగము దొరకి జీతము వచ్చినచో సామాన్యముగ నిధిలో మరల చేరవచ్చును గాని, ఆ వెదుకులాట కాలములో ప్రైవేటు పాలసీతో నున్నవాడు ఆ పాలసీనే పట్టుకొని వ్రేలాడవలెను. కావున ముప్పది యేండ్లు నిండని విద్యార్థి ఎవడైనను ఆ మినహాయింపు కాగితముపై సంతకము చేయక మునుపు ఒకటికి పదిమార్లు ఆలోచింపవలెనని బ్రతిమాలుచున్నాను.

ముప్పది యేండ్లు నిండినవారికి విద్యార్థి చందాతో చేరు హక్కు లేదు. ఉద్యోగము మాని పై చదువునకు పోవువారు ఈ సంగతి ముందుగ తెలిసికొనవలెను. కేవలము భాష నేర్చుకొనుటకై మొదట పోవువారికిని లేదు. వీరికి ప్రైవేటు బీమాయే గతి. కాన పత్రములోని ప్రతి వాక్యమును చదివి తీసికొనుటయే వారికి మార్గము. మఱియొక చిన్న సంగతి. శీతకాలపు సెమిస్టరు అనేక చోట్ల అక్టోబరు 1వ తేదీని ఆరంభమగును; మన పిల్లలు గది వెదుకుకొనుటకై ఆగస్టు, సెప్టెంబరులలోనే పోవుదురు; నిధి రక్షణ సెమిస్టరుతో గాని ఆరంభము కాదు. ఆ మధ్యనున్న వారములకు యాత్రాబీమా ఉండవలెను. వీసా అధికారులు విమానము దిగు దినము నుండి రక్షణ కోరుట ఇందువలననే. విశ్వవిద్యాలయములో పేరు నమోదగుటకు రోగనిధి నుండి నేరుగ ఎలక్ట్రానిక్ వర్తమానము చేరవలసియుండును. అది లేనిదే ప్రవేశము పూర్తికాదు.

ఇక బ్రిటను మార్గము వేఱు. అక్కడ 1948 జూలై 5వ తేదీని, అన్యూరిన్ బెవన్ మంత్రిత్వమున, జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైనది. చందాలతో గాక ముఖ్యముగ పన్నులతో నడచుచు, వైద్యము వేళ రోగి నుండి రుసుము గైకొనని వ్యవస్థ. చాల కాలము, దీర్ఘవాసమునకు వచ్చిన పరదేశీయులకును అది ఉచితముగనే లభించెను. 2014 నాటి వలస చట్టముచే, 2015 ఏప్రిల్ 6 నుండి, ఆఱు నెలలు మించిన వీసాకు ఆరోగ్య సర్‌చార్జి విధించిరి. మొదట ఏడాదికి 200 పౌండ్లు, 2019లో 400, 2020లో 624, 2024 ఫిబ్రవరి 6 నుండి 1,035. విద్యార్థులకు కొంత తగ్గించి 776 పౌండ్లు చేసిరి. వీసా కాలమున కంతటికిని మొత్తము సొమ్ము దరఖాస్తుతోనే చెల్లింపవలెను; భార్యకును, బిడ్డలకును వేఱువేఱుగ చెల్లింపవలెను. తొమ్మిదేండ్లలో ఒక రుసుము ఐదింతలకు మించి పెరిగినదన్న, అది ఆరోగ్యము కొఱకా, వచ్చువారి సంఖ్యను అదుపు చేయుట కొఱకా అను సందేహము కలుగుట సహజము. అంతకంటెను నన్ను బాధించు సంగతి మఱియొకటి కలదు. చదువు ముగించి, రెండేండ్లకు 2,070 పౌండ్ల సర్‌చార్జి ముందుగ చెల్లించి, ఉద్యోగములో చేరిన మన యువతి, తన తోడి ఆంగ్లేయ ఉద్యోగిని వలెనే ఆదాయపు పన్నును, జాతీయ బీమా చందాను నెలనెలా కట్టుచున్నది. ఆరోగ్య సేవకు ఆమె రెండుమార్లు ధనమిచ్చుచున్నదన్న మాట. చెల్లించినవారికి వాకిలి పూర్తిగ తెఱచియుండుట ఆ విధానములోని మంచి. ఒకే వాకిలికి రెండుమార్లు సుంకము గొనుట అందులోని లోపము. కోవిడ్ మహమ్మారి ప్రబలియున్న 2020 మే నెలలో, ఆసుపత్రులలో రోగుల ప్రాణములు కాపాడుచున్న పరదేశ నర్సులును, వైద్యులును ఆ ఆసుపత్రి చికిత్సకే సర్‌చార్జి కట్టుట యేమని దేశమంతట నిరసన పుట్టగా, ప్రభుత్వము వారికి మినహాయింపు నిచ్చెను. ఆ నిరసన ఆ ప్రజల న్యాయబుద్ధికి తార్కాణము.

గల్ఫు దేశములకు పోవు మనవారి గతి ఈ రెంటికంటెను భిన్నము. సౌదీ అరేబియాలో 1999 నాటి సహకార ఆరోగ్య బీమా చట్టము, దుబాయిలో 2013 నాటి చట్టము, పరదేశ ఉద్యోగికి బీమా చేయించు భారమును యజమానిపై నుంచినవి. 2025 జనవరి 1 నుండి సంయుక్త అరబ్ ఎమిరేట్లలో మిగిలిన ఎమిరేట్లకును ఈ నియమము వ్యాపించినది. కాగితముపై చూచినచో ఇది కార్మికునికి మిక్కిలి అనుకూలము; తన జేబు నుండి పైసా పోదు. కాని ఆ బీమా అకామాతో, అనగా నివాసానుమతి పత్రముతో, ముడివడియున్నది. అకామా యజమానితో ముడివడియున్నది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతముల నుండియు, కోనసీమ, కడప సీమల నుండియు అప్పులు చేసి పోయిన వారిలో, చెప్పిన పని యొకటి, చేయించిన పని యొకటియై, జీతము రాక యజమానిని విడిచి పారిపోయినవాడు ఆ క్షణముననే అకామాను, బీమాను, చట్టపు రక్షణను ఒక్కుమ్మడిగ పోగొట్టుకొనును. కల్లివెల్లి అని వారిలో వారు పిలుచుకొను ఆ బ్రతుకులో జ్వరము వచ్చినను ఆసుపత్రికి పోవుటకు భయమే. ఎక్కువ అవసరమున్న వేళ చేయి విడుచు బీమా, నా దృష్టిలో, సగము బీమాయే.

మన కేంద్ర ప్రభుత్వము ఇట్టి కార్మికులకై 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజనను ఏర్పఱచినది. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన పాసుపోర్టుతో పోవువారికి అది నిర్బంధము. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు, పైని పన్ను. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగ అంగవికలుడైనను 10 లక్షల రూపాయలు లభించును. ప్రమాదమున అను మాటను శ్రోతలు గమనింపవలెను. ఎండవేడిమిలో పనిచేసి, ఇరుకు గదిలో నిదురించి, తెల్లవాఱుసరికి గుండె ఆగి మరణించిన యువకుని కుటుంబమునకు ఆ సొమ్ము రాదు. అది సహజమరణముగ పరిగణింపబడును. గల్ఫు నుండి మన పల్లెలకు వచ్చు శవపేటికలలో ఇట్టివి ఎన్నియో కలవు. ఈ యోజనలోని ఆ సొమ్మును సహజమరణములకును విస్తరింపజేయుట మన పార్లమెంటు సభ్యులు పట్టుదలతో సాధింపవలసిన పని. చందా రెండింతలైనను, మూడింతలైనను, ఏజెంటుకు ధారపోయు లక్షల ముందు అది యెంత?

ఇక మిగిలినది తలిదండ్రుల విషయము. పిల్లలు పోయిరి, స్థిరపడిరి. గుంటూరులోనో వరంగల్లులోనో వృద్ధదంపతులు ఒంటరిగ నున్నారు. ఒకరికి మధుమేహము, ఒకరికి రక్తపుపోటు. పిల్లలు తమ యొద్దకు రమ్మందురు. ఇక్కడనే ఆరోగ్య బీమా నిబంధన తన కఠినమైన ముఖమును చూపును. అమెరికాలో 2019 అక్టోబరులో అధ్యక్షుడు ట్రంపు ఒక ప్రకటనచే, శాశ్వతనివాసమునకు వచ్చువారు ప్రవేశించిన 30 దినములలో ఆరోగ్య బీమా పొందగలమని గాని, చికిత్సా వ్యయము భరింపగలమని గాని నిరూపింపవలెనని శాసించెను. అమలునకు రావలసిన దినమునకు ఒక్క దినము ముందు ఓరెగన్ రాష్ట్రములోని ఫెడరల్ న్యాయస్థానము దానిని నిలిపివేసినది. 2021 మే నెలలో తరువాతి అధ్యక్షుడు బైడెన్ రద్దుచేసెను. ఆ గండము గడచినను, గ్రీన్ కార్డుతో వచ్చి అక్కడ పనిచేసియుండని తలిదండ్రులు అఱువదియైదేండ్లు నిండినను, ఐదేండ్లు ఎడతెగక నివసించిన పిమ్మట గాని వృద్ధులకై ప్రభుత్వము నడపు బీమాయగు మెడికేర్‌లో చందా కట్టి చేరజాలరు. ఐదేండ్ల నిరీక్షణ దీర్ఘమే. కాని ఆ వాకిలికి ఒక తేదీ యైనను కలదు.

జర్మనీలో ఆ తేదీ లేదు. 2024 మార్చి 1వ తేదీ నుండి ఆ దేశము, నాటి నుండి క్రొత్తగ నివాసానుమతి పొందిన నిపుణ ఉద్యోగులు తమ తలిదండ్రులను దీర్ఘవాసమునకు పిలిపించుకొనవచ్చునని చట్టము సవరించినది. ఆ వార్త విని మన ఇంజనీర్ల ఇండ్లలో ఎంత ఆనందము కలిగినదో! కాని జీవనాధారమును, అందులోని ఆరోగ్య బీమాను చూపవలెనను షరతు మాత్రము సడలలేదు. బిడ్డలకును భార్యకును చందాలేకుండ రక్షణనిచ్చు ఆ నిధి, సభ్యుని తలిదండ్రులను కుటుంబముగ లెక్కింపదు. ఏబదియైదేండ్లు దాటి, అంతకు పూర్వము ఆ విధానములో లేనివారు క్రొత్తగ చేరుటయు అసాధ్యప్రాయమే. ప్రైవేటు సంస్థలు వయస్సును, రోగములను లెక్కించి మనిషికి నెలకు వందలకొలది యూరోలు అడుగును. పెక్కు సంస్థలు వృద్ధులకు పాలసీయే నిరాకరించును. ఒక చట్టము తలుపు తీసినది. మఱియొక చట్టము గడియ పెట్టినది. తుదకు ఆ వృద్ధులు 30,000 యూరోల యాత్రాబీమాతో 90 దినములుండి, మనుమని ముద్దాడి, తిరిగి వచ్చుచున్నారు.

దీనికి ఆ దేశస్థులు చెప్పు సమాధానము కొట్టిపాఱవేయదగినది కాదు. యౌవనమంతయు చందా కట్టినవారు వార్ధక్యమున ఫలమనుభవించుట నిధి ధర్మము. చందా కట్టక, వ్యయము పెరుగు వయస్సున వచ్చి చేరినవారి భారమును తక్కినవారేల మోయవలెను అని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. కాని ఈ తలిదండ్రులు ఆ నిధికి ఏమియు ఈయలేదనుట నిజమా? వారి కుమారుడు ఇరువదినాలుగేండ్ల వయస్సున, ఆరోగ్యవంతుడై, పట్టభద్రుడై ఆఖెన్‌లో దిగినాడు. అతనిని కని, టీకాలు వేయించి, జ్వరములకు వైద్యము చేయించి, ఎల్.కె.జి. నుండి ఇంజనీరింగు వఱకు చదివించిన వ్యయములో ఒక్క యూరో యైనను ఆ దేశము పెట్టలేదు. ఇప్పుడతడు నెలనెలా కట్టు చందాతో, అతని యజమాని కట్టు సమానభాగముతో, జర్మనీ వృద్ధులు తమ మోకాళ్ళకు, గుండెలకు చికిత్స పొందుచున్నారు. గుంటూరులోని ఆ తండ్రి ఇచ్చిన చందా అతడే.

ఉచితముగ చేర్చుకొనుమని నేను కోరుట లేదు. మన పిల్లలును కోరుట లేదు. కుమారుడు గాని కుమార్తె గాని కొన్నియేండ్లు నిధిలో సభ్యులై యుండినచో, వారి తలిదండ్రులను, నిధి నియమించిన పూర్తి చందాకు, వలసినచో కొంత నిరీక్షణకాలముతో, స్వచ్ఛంద సభ్యులుగ చేర్చుకొనునట్లు ఒక చిన్న సవరణ చాలును. నిధికి పూర్వము లేని ఒక వర్గమును శాసనముచే లోపలికి పిలుచుట వారికి క్రొత్త గాదు. 1975లో విద్యార్థులను పిలిచియున్నారు. నిపుణులు చాలరని భారతదేశమునకు ప్రతినిధివర్గములను పంపుచున్న జర్మనీ ప్రభుత్వముతో మన ప్రభుత్వము వలస ఒప్పందములు చర్చించు ప్రతి సమావేశమునను వీసాల సంఖ్యను గూర్చియు, జీతములను గూర్చియు మాటలాడుచున్నారు. తలిదండ్రుల ఆరోగ్య బీమాను కూడ ఆ బల్లపై నుంచవలెనని అక్కడి తెలుగు సంఘములును, ఇక్కడి మన శాసనకర్తలును కోరవలయును.